పిట్ట కాలికి రింగు కనిపిస్తే: గోదావరి డెల్టాలో చూసి, చదివి, కబురు పంపే పద్ధతి

కాకినాడ అఖాతం నుంచి అంతర్వేది దాకా ఉన్న తీరంలో, రింగు వేసిన పిట్ట పక్షి శాస్త్రవేత్త కంట పడడం అరుదు. పడితే మడ అడవిలో పీతల వేటకు వెళ్లినవాళ్లకో, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషికో, హోప్ ఐలాండ్ వైపు వల లాగే జాలరికో పడుతుంది. ఆ రింగు నంబరు ముంబైలోనో మాస్కోలోనో ఒక రిజిస్టరులో ఉంటుంది. దాని ఎదురుగా పిట్టను పట్టిన తేదీ, ఊరు, బరువు, రెక్క కొలత రాసి ఉంటాయి. ఆ తరవాతి గడి ఖాళీ. ఆ గడి నింపగలిగేది గట్టు మీద నిలబడ్డ ఈ మనిషే. చాలాసార్లు నింపడు. రింగు పిల్లల ఆటవస్తువుల్లో కలిసిపోతుంది, లేదా కేసు పడుతుందేమోనని ఏట్లోకి పోతుంది.

ఈ మార్గదర్శి ఆ మనిషి కోసం, పక్కనే ఉండి ఫోన్‌తో ఫొటో తీసి పంపగలిగినవాళ్ల కోసం. పక్షుల పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు. నంబరు చదవడం, తేదీ రాయడం, జరిగింది జరిగినట్టు చెప్పడం వస్తే చాలు.

ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు

1899లో డెన్మార్కులోని వీబోర్ పట్టణంలో మోర్టెన్సెన్ అనే బడి పంతులు 165 స్టార్లింగ్ పిట్టల కాళ్లకు పల్చటి అల్యూమినియం రింగులు తొడిగాడు. స్టార్లింగులంటే మన గోరింకల కుటుంబానివే. ఒక్కో రింగు మీద ఊరి పేరు, ఒక నంబరు. అంతకుముందు జింకు రేకుతో చేసి చూస్తే బరువెక్కువై పనికి రాలేదు. నూటపాతికేళ్లు దాటినా పద్ధతి మాత్రం మారలేదు: తేలికైన లోహం, ఎక్కడా రెండోసారి రాని నంబరు, కబురు చేయాల్సిన చోటు.

మన దేశంలో ఈ పనికి కేంద్రం ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. 1920ల చివర్లోనే ధార్ సంస్థానంలో బాతులకు రింగులు వేసిన దాఖలాలున్నా, పెద్ద ఎత్తున మొదలైంది 1959లో. కారణం పక్షి ప్రేమ ఒక్కటే కాదు. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడి, మనుషులకు జ్వరాలు వచ్చాయి. ఆ వైరసుని మోసే పిడుదులు వలస పక్షుల వెంట దూరదేశాల నుంచి వచ్చాయేమోనన్న అనుమానం తలెత్తింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో సలీం అలీ పక్షుల వలస పథకం మొదలుపెట్టారు. తరవాత కొంత కాలం అమెరికా సైన్యం డబ్బుతో నడిచిన మ్యాప్స్ అనే సర్వేతో ఈ పని ముడిపడింది. 1970ల్లో దాని మీద పార్లమెంటు దాకా దుమారం రేగింది. రింగు ఉన్న పిట్టను అనుమానంగా చూడడం మన దగ్గర ఈనాటిది కాదు.

తమిళనాడులో పాయింట్ కాలిమేర్, రాజస్థాన్‌లో భరత్‌పూర్, ఒడిశాలో చిలికా ఈ పనికి పేరుపడ్డ చోట్లు. పిట్టలను పట్టింది డిగ్రీలున్నవాళ్లు మాత్రమే కాదు. తరతరాలుగా పిట్టల వేటే బతుకుగా ఉన్న బీహార్ మీర్‌షికారుల నేర్పు లేకపోతే సొసైటీ పని అంత దూరం వచ్చేది కాదు. వాళ్లలో అలీ హుస్సేన్ పేరు పక్షి శాస్త్రవేత్తలందరికీ తెలుసు. పిట్టకు ఈక కూడా ఊడకుండా పట్టడం అంటే ఆయన్ని చూసి నేర్చుకోవాల్సిందే అనేవారు.

ముందు అది అడవి పిట్ట రింగో కాదో తేల్చుకోండి

డెల్టాలో కాలికి రింగుతో దొరికేవాటిలో పావురాలు చాలా ఉంటాయి. అవి పందెం పావురాలు. గువ్వ పిల్లగా ఉన్నప్పుడే తొడిగే ఆ రింగుకి అతుకు ఉండదు, తరచూ మీద రంగు ప్లాస్టిక్ పూత ఉంటుంది, సంవత్సరం, దేశం లేదా క్లబ్బు అక్షరాలు ఉంటాయి. కొన్నింటికి రెండో కాలికి పందెంలో సమయం నమోదు చేసే చిన్న చిప్పు కూడా ఉంటుంది. గూఢచారి అనుకుని హడావుడి పడాల్సిన పని లేదు. 2023లో ముంబై రేవు దగ్గర దొరికిన ఒక పావురాన్ని చైనా గూఢచారి అనుకుని ఎనిమిది నెలలు నిర్బంధంలో ఉంచారు. చివరికి అది దారి తప్పిన తైవాన్ పందెం పావురమని తేలింది. 2024 జనవరి ఆఖరులో వదిలేశారు.

అడవి పిట్ట రింగు వేరుగా ఉంటుంది. వెండి రంగు లోహపు పట్టీ. జాగ్రత్తగా చూస్తే రెండు కొసలు కలిసే చోట సన్నటి గీత కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని పిట్ట కాలికి పెట్టాక ప్రత్యేకమైన పట్టకారుతో నొక్కి మూస్తారు. మన దేశపు రింగు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఇన్‌ఫామ్ బాంబే నాట్ హిస్ట్ సొసైటీ’ అని, రింగు సైజుని తెలిపే ఒకటి రెండు అక్షరాలు, వాటి వెనక అంకెలు ఉంటాయి. విదేశీ రింగులైతే రష్యావి ‘మోస్క్వా’, చైనావి ‘బీజింగ్’, ఆస్ట్రేలియావి ‘కాన్‌బెర్రా’ లాంటి మాటలతో వస్తాయి. యూరపు రింగుల మీద ఒక చిన్న వెబ్ చిరునామా కూడా ఉండొచ్చు.

లోహపు రింగుతో పాటు కాలికి రంగు ప్లాస్టిక్ జెండా లాంటి ముక్క, బాతులకు మెడ చుట్టూ రంగు పట్టీ, డేగలకు వీపు మీద చిన్న పెట్టె, దాని నుంచి బయటికొచ్చిన సన్నటి తీగ కూడా ఉండొచ్చు. తీగ ఉన్నది ఉపగ్రహ ట్రాన్స్‌మిటరు. 2013 నవంబరులో నాగాలాండ్‌లోని పాంగ్తీ దగ్గర మూడు ఆముర్ డేగలకు అలాంటివే పెట్టి, వాటికి నాగా, వోఖా, పాంగ్తీ అని పేర్లు పెట్టారు. అలాంటి పెట్టె దొరికితే విప్పకండి, తీగ కత్తిరించకండి. ఒకటి లక్షల్లో ఖరీదు చేస్తుంది, పైగా లోపల డేటా ఉంటుంది.

పిట్ట బతికి ఉంటే

డెల్టాలో బతికున్న పిట్ట చేతికి చిక్కేది ఎక్కువగా చెరువుల దగ్గరే. రొయ్యలనీ చేపపిల్లలనీ కొంగలూ నీటికాకులూ తినేస్తాయని చెరువు మీద అడ్డంగా నైలాన్ దారాలు కడతారు. వాటిలో రెక్క చిక్కుకుని వేలాడే పిట్టలు ఉంటాయి. ఒక్క గుడ్డ ముక్కతో పని మొదలుపెట్టండి. తువ్వాలు కప్పి తల మూసేస్తే పిట్ట వెంటనే నిమ్మళిస్తుంది. కొంగ జాతి అయితే ముక్కుని ముందు పట్టుకోవాలి, అది నేరుగా కళ్లకే గురి చూస్తుంది. దారాన్ని లాగకండి, కత్తెరతో కోయండి.

రింగు ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. అది కాలి మీద పైకీ కిందికీ జరుగుతూ, చుట్టూ తిరుగుతూ ఉండేలా వేస్తారు. బాధ పెడుతోందేమోనని జాలిపడి పట్టకారుతో విప్పబోతే విరిగేది కాలే. నంబరు గట్టిగా చదివి పక్కనున్నవాళ్లతో రాయించండి. తరవాత రింగు చుట్టూ తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీయండి, ఎందుకంటే ఒక్క వైపు నుంచి తీస్తే సగం అంకెలే వస్తాయి. పిట్ట మొత్తం కనిపించేలా ఒక ఫొటో, ముక్కు దగ్గరగా ఒక ఫొటో. అంతే. నీళ్లు తాగించడం, అన్నం పెట్టడం, పిల్లలకు చూపించడం వద్దు. దెబ్బ లేకపోతే అక్కడికక్కడే వదిలేయండి. ఎగరలేకపోతే అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టి, చీకట్లో ఉంచి, అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

పిట్ట చచ్చిపోయి ఉంటే

ఇక్కడ తొందరపాటు అసలు వద్దు. బర్డ్ ఫ్లూ మన డెల్టాకు కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ తణుకు మండలం వేల్పూరులోనూ కోళ్ల ఫారాల్లో బయటపడి, కోళ్లను పూడ్చిపెట్టాల్సి వచ్చింది. ఉత్త చేతులతో ముట్టుకోకండి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో కోళ్లున్నవాళ్లు చెప్పులు కూడా కడిగాకే దొడ్లోకి వెళ్లాలి. ఒకే చోట రెండు మూడు కంటే ఎక్కువ పిట్టలు చచ్చిపడి ఉంటే రింగు సంగతి తరవాత, ముందు పశువైద్యుడికి చెప్పండి. అలాంటిచోట దేన్నీ కదపకండి.

ఒక్క పిట్టే ఉంటే, కదిలించకముందు ఉన్నదున్నట్టుగా ఒక ఫొటో. అది వలలో ఉందా, కరెంటు తీగ కింద ఉందా, గట్టు మీద ఉందా అన్నది ఆ ఫొటోయే చెబుతుంది. ఒంటి మీద వాసన, పురుగులు, ఎండిపోయిన ఈకలు చూసి చచ్చి ఒకటి రెండు రోజులైందా, వారాలైందా అని అంచనా వేయండి. అప్పుడు రింగు నంబరు.

చట్టం మాట కూడా ఒకటి తెలిసి ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చిన అడవి పిట్ట కూడా ప్రభుత్వానిదే. శరీరం మీ దగ్గర ఉంచుకుంటే 48 గంటల్లోగా పోలీసు స్టేషనులోనో అధీకృత అధికారికో చెప్పాలి. కాబట్టి సులువైన దారి, పిట్టను అక్కడే ఉంచి, అటవీ శాఖ బీట్ ఆఫీసరుకి ఫోన్ చేసి, రింగు నంబరూ ఫొటోలూ మీరు తీసుకోవడం.

అరిగిపోయిన అంకెలు చదవడం

ఉప్పునీళ్లూ బురదా ఉన్నచోట అల్యూమినియం నిలవదు. సముద్రపు పిట్టలకు అందుకే గట్టి మిశ్రమ లోహాల రింగులు వాడతారు. అయినా పదేళ్లు బురదలో తిరిగిన పిట్ట రింగు మీద అంకెలు మసకబారి ఉంటాయి. బ్లేడుతో గీకడం, ఇటుక పొడితో రుద్దడం, యాసిడ్ పోయడం వద్దు. ఉన్న కాస్త లోతూ పోతుంది. పల్చటి కాగితం రింగు మీద పెట్టి, మెత్తని పెన్సిలు అడ్డంగా రుద్దండి. అక్షరాలు కాగితం మీద తెల్లగా తేలతాయి. మరో దారి, చీకటి గదిలో టార్చి లైటు రింగు పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీయడం. నేరుగా వేసిన వెలుగులో కనిపించని గీత పక్క వెలుగులో నీడ పట్టి కనిపిస్తుంది. చచ్చిన పిట్ట నుంచి అధికారి ముందు తీసిన రింగైతే, పూర్తిగా అరిగిపోయినా దాన్ని పంపండి. చెరిగిన అంకెల్ని రసాయనంతో పైకి రప్పించే పద్ధతి ల్యాబుల్లో ఉంది.

అంకె సందేహంగా ఉంటే సందేహంగానే రాయండి. ‘మూడో ఎనిమిదో తెలియడం లేదు’ అన్న మాట, ధీమాగా రాసిన తప్పు అంకె కంటే వెయ్యి రెట్లు మేలు. తప్పు నంబరు రిజిస్టరులో మరో పిట్ట బతుకుని పాడు చేస్తుంది.

దూరం నుంచి జెండాలు చదవడం

పిట్టను ముట్టుకోనవసరం లేని పని ఇది. కెమెరా ఉన్న కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. నవంబరు నుంచి మార్చి దాకా కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గరి బురదనేలల్లో, కోరింగ పాయల్లో, హోప్ ఐలాండ్ ఇసుక మీద వేల ఉల్లంకి పిట్టలు దిగుతాయి. కర్లూ శాండ్‌పైపరు, గ్రేట్ నాట్, ప్లోవర్లు అన్నీ మనకు ఉల్లంకులే. వాటిలో కొన్నింటి కాళ్లకు రంగు జెండాలుంటాయి.

పాటు సమయంలో బురద కిలోమీటర్ల కొద్దీ పరుచుకుంటుంది, పిట్టలు చెల్లాచెదురై మీకు చుక్కల్లా కనిపిస్తాయి. పోటు ఎక్కుతుంటే నీళ్లు వాటిని ఒక మూలకు తోస్తాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందు నుంచి కూర్చోండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా చోటు ఎంచుకోండి. ఎదురెండలో పసుపు, నారింజ, తెలుపు ఒక్కలాగే కనిపిస్తాయి. పోటు వేళలు ముందుగా తెలుసుకోవాలంటే పక్క ఊరి జాలర్లను అడగండి, యాప్ కంటే వాళ్ల లెక్క ఆ పాయకు సరిగ్గా సరిపోతుంది. ‘రేపు పోటు ఎన్నింటికి బాబాయ్?’ అంటే తిథి చెప్పి మరీ చెబుతారు.

రాయాల్సినవి: ఏ కాలు, కుడా ఎడమా (మీ కుడి కాదు, పిట్ట కుడి). కాలి మధ్యలో మోకాలులా కనిపించే కీలుకి పైనా కిందా. రెండు జెండాలుంటే ఏది మీద, ఏది కింద. జెండా మీద అక్షరాలుంటే అవి. లోహపు రింగు ఏ కాలికి. ఈ వరస తారుమారైతే దేశం మారిపోతుంది. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో వేసినవి పసుపు, అదే దేశం ఆగ్నేయాన విక్టోరియాలో వేసినవి నారింజ, న్యూజిలాండ్‌వి తెలుపు, షాంఘై దగ్గరి చోంగ్మింగ్ దీవిలో వేసినవి నలుపు మీద, తెలుపు కింద. థాయిలాండ్‌వి నలుపు, ఆకుపచ్చ. ఎండకు రంగు వెలిసిపోయి పసుపు తెల్లగా అయ్యే సంగతి గుర్తుంచుకుని, తీసిన ఫొటో దిద్దకుండా పంపండి. రంగులు బాగా రావాలని ఫోన్లో ఫిల్టరు వేస్తే ఆధారమే పోతుంది.

ఇండియన్ స్కిమ్మర్ల గుంపు కనిపిస్తే ప్రతి కాలూ చూడండి. నీటిని చీల్చుకుంటూ పోయే నారింజ ముక్కు, పై ముక్కు కంటే పొడుగైన కింది ముక్కు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ఈ పిట్టలు చంబల్ నది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడతాయి. అక్కడ సొసైటీ వాళ్లు వాటికి రింగులు వేస్తున్నారు. చలికాలంలో కాకినాడ తీరానికి స్కిమ్మర్లు వస్తాయి. ఆ రెండు చోట్లనూ కలిపే రుజువు ఒక్క స్పష్టమైన ఫొటోలో ఉండొచ్చు.

ఏం రాయాలి, ముఖ్యంగా ఎలా దొరికిందో

నంబరు, తేదీ, చోటు, పిట్ట, మీ పేరు, ఫోన్. ఇంతవరకు అందరూ రాస్తారు. చోటు దగ్గర ‘కోనసీమ’ అని వదిలేయకండి. ఊరు, మండలం, ఏ పాయ, గౌతమా వైనతేయా వసిష్ఠా అన్నది రాయండి. ఫోన్లో మ్యాపు తెరిచి పిన్ను పెట్టి ఆ అంకెలు రాస్తే ఇంకా మంచిది. తేదీ గుర్తు లేకపోతే అంచనా అని రాసి, అటూ ఇటూ ఎన్ని రోజులో చెప్పండి.

అసలు విలువైన గడి మాత్రం ‘ఎలా దొరికింది’ అన్నది. అందరూ తప్పించుకునేది కూడా అదే. వలలో పడి చచ్చిన పిట్టను ‘ఒడ్డున కనిపించింది’ అని రాస్తారు. ఉచ్చుకి చిక్కినదాన్ని ‘దెబ్బ తగిలి పడి ఉంది’ అంటారు. భయం అర్థమవుతుంది. కానీ వంద రింగులు వెనక్కి వచ్చి, వందలోనూ ‘కనిపించింది’ అని ఉంటే, ఏ పిట్టలు దేనివల్ల పోతున్నాయో ఎవరికీ తెలియదు. చెరువు దారాల వల్ల పోతున్నాయని తెలిస్తే, దారాలకు బదులు కంటికి కనిపించే రంగు తాళ్లు కట్టమని రైతుకి చెప్పొచ్చు. కరెంటు తీగలని తెలిస్తే తీగల మీద గుర్తులు పెట్టించొచ్చు. ఒడ్డున దొరికిందని రాస్తే సముద్రాన్ని తిట్టుకుని ఊరుకోవడమే.

మధ్యవర్తిగా మీరు రాస్తున్నట్టయితే, దొరికినవాళ్ల పేరు ఇవ్వకపోయినా ఎలా దొరికిందో మాత్రం నిజం రాయండి. ‘చేపల వలలో, రాత్రి’, ‘చెరువు పైన కట్టిన నైలాన్ దారంలో’, ‘విషం పెట్టిన గింజలు తిని’ అన్న మూడు నాలుగు మాటలు చాలు. వేటాడి పట్టుకున్నవాళ్లను మనం వెనకేసుకు రావడం కాదిది. పిట్టలను పట్టడం నేరమే, అది వాళ్లకు చెప్పండి కూడా. అడిగే తీరు మాత్రం పోలీసులా ఉండకూడదు. ‘ఆ పిట్ట ఎక్కడ తగిలిందండీ?’ అని అడిగితే గోదావరి మనిషి ‘ఆయ్, పాయలోనండి’ అని మొదలుపెట్టి అంతా చెబుతాడు. ‘ఎందుకు పట్టావు?’ అంటే అక్కడితో సరి.

ఎక్కడికి పంపాలి

మన దేశపు రింగైతే ముంబైలోని హార్న్‌బిల్ హౌస్‌లో ఉన్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి, వాళ్ల వెబ్‌సైటులో ఇచ్చిన ఈమెయిలుకి లేదా ఉత్తరంగా. విదేశీ రింగైనా వాళ్లకే పంపొచ్చు, ఆ దేశానికి వాళ్లు చేరవేస్తారు. కోరింగ అభయారణ్యం పరిధిలో దొరికితే చొల్లంగి దగ్గరి అటవీ శాఖ వాళ్లకు కూడా ఒక కాపీ ఇవ్వండి. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు. జవాబులో ఆ పిట్టకు ఎక్కడ, ఏ రోజు రింగు వేశారో, అప్పటికి దాని వయసెంతో ఉంటుంది. దాన్ని దొరికినవాళ్లకు తీసుకెళ్లి చదివి వినిపించండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఒక్కసారి అలా విన్న ఊళ్లో తరవాతి రింగు ఏట్లోకి పోదు.

రింగులు ఇప్పటిదాకా ఏం చెప్పాయి

1911 మే నెలలో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో జాన్ మేస్‌ఫీల్డ్ ఒక వానకోయిలకు రింగు వేశారు. మన ఊళ్లలో చలికాలం కరెంటు తీగల మీద బారులు తీరే స్వాలో పిట్టే అది. 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో ఒక పొలంలోని ఇంట్లో అది పట్టుబడింది. ఇంగ్లండు వానకోయిలలు చలికాలం ఎక్కడికి పోతాయో అప్పటిదాకా ఎవరికీ రుజువు లేదు. దాన్ని తేల్చింది ఒక రైతు ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరం.

భరత్‌పూర్‌లో రింగులు వేసిన బాతుల కథ కూడా అదే. పరజలూ సూదితోక బాతులూ హిమాలయాలు దాటి కజకిస్తాన్, సైబీరియా వెళతాయని చెప్పింది అక్కడి వేటగాళ్లు కాల్చిన పిట్టల కాళ్ల నుంచి విప్పి పంపిన రింగులే. కొల్లేరులో దిగే పరజలు ఎక్కడ గుడ్లు పెడతాయని ఎవరైనా అడిగితే మనం చెప్పగలిగే జవాబు వాళ్ల వల్ల వచ్చింది. వాళ్ల వేటను మెచ్చుకోనక్కర్లేదు, పోస్టుకి చేసిన ఖర్చుని మాత్రం మెచ్చుకోవాలి.

దూరాల సంగతి చాలామందికి ఇష్టం. 1982 వేసవిలో ఇంగ్లండులోని ఫార్న్ దీవుల్లో ఇంకా ఎగరడం రాని ఆర్కిటిక్ టెర్న్ పిల్లకు రింగు వేస్తే, అదే ఏడాది అక్టోబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కనిపించింది. దారి 22,000 కిలోమీటర్ల పైమాటే. నాకు దూరాల కంటే వయసుల సంగతే ఎక్కువ ఆసక్తి. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో 1956లో చాండ్లర్ రాబిన్స్ ఆల్బట్రాస్ అనే ఎదిగిన సముద్రపు పిట్టకు రింగు వేశారు. 2002లో అదే మనిషి అదే దీవిలో ఒక పిట్ట పాత రింగు తీసి కొత్తది వేసి, తరవాత రిజిస్టర్లు వెనక్కి తిరగేస్తే, అది తాను 1956లో పట్టినదేనని తేలింది. విజ్‌డమ్ అని పేరు పెట్టిన ఆ పిట్ట 2024 చివర్లో మళ్లీ గుడ్డు పెట్టింది. రింగు లేకపోతే అది దీవిలోని లక్షల ఆల్బట్రాస్‌లలో ఒకటి, అంతే.

రింగులు ఇచ్చే మరో లెక్క, ఎన్ని పిట్టలున్నాయన్నది. ఒక బురదనేలలో 200 పిట్టలకు రింగులు వేసి వదిలారనుకోండి. వారం తరవాత 100 పిట్టలను పడితే వాటిలో 10కి రింగులు ఉన్నాయి. అంటే పదింట ఒకటి. అయితే మొత్తం సుమారు రెండు వేలు ఉండాలి. అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ 1930లో బాతుల సంఖ్య అంచనా వేసింది ఇలాంటి నిష్పత్తితోనే. పిట్టలు వచ్చిపోతూ ఉంటే, రింగులు ఊడిపోతే ఈ లెక్క తప్పుతుంది, అందుకే ఇప్పుడు దాని మీద పెద్ద గణితమే నడుస్తోంది. ఏటా తిరిగొచ్చిన రంగు జెండాలను బట్టి ఎన్ని బతికాయో కూడా లెక్కగడతారు. చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు బురదనేలలు కట్టడాల కింద పోతున్నకొద్దీ, ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో గుర్తులేసిన గ్రేట్ నాట్‌లు తిరిగి రావడం తగ్గిందని బయటపెట్టింది ఆ జెండాలే. చలికాలం గడిపిన చోటు బాగానే ఉంది, దారిలో ఆగే చోటు పోయింది. కాకినాడ తీరాన రేవులూ రోడ్లూ పెరుగుతున్నప్పుడు మన బురదనేలలు కూడా ఇంకెవరి లెక్కలోనో ‘దారిలో ఆగే చోటు’ అన్నది మనం మరిచిపోతుంటాం.

ఒక జాగ్రత్త కూడా ఉంది. రింగు దొరికిన చోట్ల మ్యాపు, పిట్టలు తిరిగే చోట్ల మ్యాపు కాదు. మనుషులున్నచోట, చదివి కబురు చేసేవాళ్లున్నచోట చుక్కలు పడతాయి. చిన్న పిట్టల రింగుల్లో వందకు ఒకటి కూడా వెనక్కి రాదు. మన తీరం నుంచి చుక్కలు తక్కువ ఉంటే పిట్టలు తక్కువని కాదు, కబుర్లు తక్కువని.

మీరే రింగులు వేయాలనుకుంటే

సొంతంగా మొదలుపెట్టే పని కాదిది. అనుమతి లేకుండా అడవి పిట్టను పట్టడం చట్టం ప్రకారం వేటే. శాస్త్ర పరిశోధన కింద ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇస్తేనే వల వేయాలి. నేర్చుకోవాలంటే సొసైటీ శిబిరాల్లో సాయంగా చేరాలి. సన్నటి మిస్ట్ నెట్ వలలు, ఉల్లంకుల కోసం చీకటి రాత్రుల్లో నీటి మీద వల, అరగంట దాటకుండా వల చూడడం, చిక్కిన పిట్టను గుడ్డ సంచిలో ఉంచడం, రెక్క, ముక్కు, కాలు కొలవడం, బరువు, కొవ్వు, ఈకలు మారే వరస రాయడం. ఇదంతా చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల లెక్కింపులో చేరండి. కాళ్లు చూసే అలవాటు అక్కడే పడుతుంది.

పాత రింగులు అడిగి చూడండి

ఊళ్లలో ఇంకా రింగులున్నాయి. తాళాల గుత్తుల్లో, దేవుడి గూట్లో, డబ్బాల్లో. పదేళ్ల నాటిదైనా ముప్ఫయ్యేళ్ల నాటిదైనా నంబరు చెల్లుతుంది, ఎందుకంటే రిజిస్టరులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. భైరవపాలెం, బలుసుతిప్ప, గాడిమొగ లాంటి ఊళ్లకు వెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడగండి. రింగు అడిగి తెచ్చేసుకోవద్దు, ఫొటో తీసి పెన్సిలు అచ్చు తీసుకుంటే సరిపోతుంది. తేదీ వాళ్లకు గుర్తుండదు. ఏ సంవత్సరమని అడిగితే తల గోక్కుంటారు. అలా కాకుండా, 1986 వరదకు ముందా తరవాతా, 1996 తుఫానుకు అటా ఇటా, 2003 పుష్కరాలప్పటికి ఇంట్లో ఉందా, 2015 పుష్కరాలప్పటికో అని అడగండి. ‘96 తుఫానుకి ఇల్లు పోయింది, ఇది కొత్తింట్లో దొరికిందే’ అని ఎవరైనా అంటే, ‘1996 నవంబరు తరవాత’ అని రాయండి. చోటు ఏ పాయో, పిట్ట ఎంత ఉందో, కోడంతా పిచ్చుకంతా అన్నదీ అడిగి పక్కన రాయండి.